పాలవెల్లిలో ఊదాపువ్వు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న కాలంలో, ఒక రాజుండేవాడు. ఆయన పేరు వీరభానుడు, ఆయన ఏలే రాజ్యం మీనగిరి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భానుధరుడు, రెండోవాడు శశిధరుడు, మూడోవాడు మణిధరుడు. పెద్దవాడికి గుర్రాలంటే ఇష్టం. రెండోవాడికి పుస్తకాలంటే ఇష్టం. మూడోవాడికి ఏమంటే ఇష్టమో తెలుసా? ఎవరైనా తనని మెచ్చుకుంటే ఇష్టం.

మీనగిరి కోట పక్కనే పాలవెల్లి అని పెద్ద సరస్సు ఉండేది. ఈ ఒడ్డున పొద్దున్నే బయల్దేరిన పడవ ఆ ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం అన్నం వేళయ్యేది. అంత పెద్దది. రాజుగారి పడవలు చూసుకునే జాలరి పెద్ద పేరు నూకన్న. రాకుమారులు ముగ్గురికీ ఈత నేర్పింది కూడా అతనే. ఈత నేర్పుతూ అతను చెప్పేవాడు:

"చూడండి బాబూ, ఎండ నీళ్లలోకి దిగితే నాచు పెరుగుతుంది. నాచుని నత్త తింటుంది. నత్తని చేప తింటుంది. చేపని కొంగ తింటుంది, మనమూ తింటాం. కొంగ రెట్ట మళ్లీ నీళ్లలో పడి నాచుకి ఎరువవుతుంది. ఇందులో ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు. ఒక్కరు జారితే అందరూ జారతారు."

పెద్దవాళ్లిద్దరూ తలూపేవారు. మణిధరుడు మాత్రం, "నూకన్నా, నేను వాళ్లకన్నా బాగా ఈదుతున్నానా?" అని అడిగేవాడు.

ఒకసారి రాజుగారికి అరవయ్యో ఏడు వచ్చింది. "నాయనలారా, మీరు ముగ్గురూ లోకం తిరిగి తలా ఒక వింత తీసుకురండి" అన్నాడు. ముగ్గురూ మూడు దిక్కులకు వెళ్లారు. పెద్దవాడు గాలిలా పరిగెత్తే గుర్రాన్ని తెచ్చాడు. రెండోవాడు తనంతట తాను పాడే వీణను తెచ్చాడు. మణిధరుడు ఓడెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు సముద్రాలు దాటాడు, ఏడు సముద్రాలూ దాటాడు. ఏడో సముద్రం ఒడ్డున ఒక రేవులో పొగలాంటి జుట్టున్న ముసలివాడు కనిపించాడు. వాడి ముందు మట్టిమూకుట్లో ఒక మొక్క తేలుతోంది. దానికి ఊదారంగు పువ్వు. పువ్వు నడుమ నెమలికన్నులాంటి పసుపుచుక్క.

"దీని ధరెంత?" అని అడిగాడు మణిధరుడు.

"నీలాంటి అందగాడికి ఊరికే ఇస్తాను బాబూ. దీనికి ఎరువు వద్దు, కాపలా వద్దు. నీళ్లలో వేస్తే చాలు. ఏడుసార్లు కడిగాను. వెతికినా ఒక్క పురుగుండదు" అన్నాడు ముసలివాడు.

మణిధరుడు సంబరంగా తెచ్చాడు. రాజు పువ్వుని చూసి మురిశాడు కానీ ఒక మాటన్నాడు. "అందంగానే ఉంది నాయనా. కానీ పరాయి నేల మొక్క. దీన్ని వెండి గంగాళం దాటనీయకండి." గంగాళంలో నీళ్లు మార్చే పని నూకన్నకి అప్పగించాడు.

ఊరి జనం వచ్చారు. గుర్రం చుట్టూ మూగారు. వీణ చుట్టూ మూగారు. గంగాళం దగ్గరికి వచ్చి, "ఓహో, పువ్వు" అని వెళ్లిపోయారు. మణిధరుడికి ముద్ద దిగలేదు. 'పాలవెల్లి అంతా ఈ పువ్వే పూస్తే? ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఊదారంగైతే? అప్పుడు ఇది మణిధరుడి పువ్వు అని లోకమంతా చెప్పుకోదూ?' అనుకున్నాడు. ఒక తెల్లవారుజామున గంగాళంలోంచి ఒక్కటంటే ఒక్క పిలక తుంచి, ఉత్తరీయం కింద దాచుకుని వెళ్లి, ఎవరూ చూడకుండా సరస్సులో వదిలేశాడు.

ఒకటి రెండైంది. రెండు నాలుగయ్యాయి. ఏడాది తిరిగేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా నిజంగానే ఊదారంగైంది. మొదట జనం చూసి ముచ్చటపడ్డారు. తర్వాత పడవలు కదలడం మానేశాయి. ఆకుల కింద నీళ్లకు ఎండ అందలేదు, గాలి అందలేదు. నాచు చచ్చింది. నత్తలు చచ్చాయి. చేపలు నోళ్లు తెరిచి పైకి తేలాయి. కొంగలు లేచిపోయాయి. దోమలు మాత్రం వచ్చాయి. జాలరిపేటలో పొయ్యిలు ఆరిపోయాయి. పిల్లలు ఎండు తుంగదుంపలు తవ్వుకుని తిన్నారు.

రాజు సభ పెట్టాడు. "ఈ పని ఎవరు చేశారు?" అని అడిగాడు.

మంత్రి అన్నాడు, "గంగాళం నీళ్లు పారబోసేది నూకన్న కదా ప్రభూ."

నూకన్న చేతులు జోడించాడు. "మహాప్రభో, ప్రతిసారీ ఆ నీళ్లు గుడ్డలో వడగట్టి గట్టుమీద మట్టిలో పోశాను. నా పిల్లకి అన్నం పెట్టే నీళ్లలో నేనే విషం పోస్తానా?"

మణిధరుడు తండ్రి పక్కనే కూర్చుని ఉన్నాడు. నోరు తెరిచాడు. 'ఇప్పుడు చెబుతాను' అనుకున్నాడు. ఇంతలో నూకన్న అతని వైపు చూశాడు. "చినబాబుకి తెలుసు నేనెంత జాగ్రత్తగా ఉంటానో. బాబూ, మీరొక మాట చెప్పండి" అన్నాడు.

మణిధరుడు తల వంచుకున్నాడు.

అంతే. వంచిన తల అందరికీ సాక్ష్యమైపోయింది. నూకన్నను పొలిమేర అవతల, గడ్డిపోచ కూడా మొలవని ఉప్పునేలకు వెళ్లగొట్టారు. నూకన్న కూతురు నీలాలు తండ్రి మూట మోసుకుంటూ కోటగుమ్మం ముందు నుంచి వెళ్తూ మణిధరుడి దగ్గర ఆగింది.

"బాబుగారూ, మా అయ్యకి పువ్వుల మోజు లేదు. ఎవరికుందో మీకేమైనా తెలుసా?" అంది.

అతను చూపు తిప్పుకున్నాడు. ఆమె ఇంకొంచెంసేపు చూసి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మణిధరుడికి తిన్నది వంటపట్టలేదు. ఎవరైనా "రాకుమారా" అని పిలిస్తే చెంపమీద కొట్టినట్టుండేది. ఒకప్పుడు పొగడ్త కోసం చెవులు రిక్కించినవాడు ఇప్పుడు నలుగురు కనిపిస్తే పక్కసందులోకి తప్పుకునేవాడు.

పెద్దన్న వెయ్యిమందితో కొడవళ్లు పట్టించి మొక్కను కోయించాడు. తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొక్కైంది. రెండో అన్న పుస్తకాలు తిరగేసి సరస్సులో సున్నం కుమ్మరించాడు. మిగిలిన నాలుగు చేపలూ పోయాయి, మొక్క పోలేదు. అప్పుడు మణిధరుడు, "నేను వెళ్లి ఈ మొక్క పుట్టిన చోటు వెతుకుతాను. దాని విరుగుడు అక్కడే ఉంటుంది" అన్నాడు. "నా బంగారు కొండ! తనది కాని కష్టాన్ని నెత్తినేసుకున్నాడు" అని రాజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ మాట వినలేక మణిధరుడు చద్దిమూటైనా కట్టించుకోకుండా బయల్దేరాడు. ఓడవాళ్లు మొక్క పేరు వింటేనే వద్దన్నారు. అందుకని నడిచే వెళ్లాడు.

నడవగా నడవగా ఎడారి వచ్చింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య పిలిస్తే వినపడనంత దూరం. మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టి పడిపోయాడు. ఇసుకలోంచి ఒక ఉడుము తల బయటపెట్టి, అతని చేత తన తోక పట్టించి లాక్కెళ్లి తన బొరియ నీడలో పడుకోబెట్టింది. నీరు దాచుకున్న ఒక దుంప చూపించింది. అతను పిండుకుని తాగాడు.

"ఇక్కడ చెట్లు ఎందుకింత దూరం దూరంగా ఉన్నాయి?" అని అడిగాడు.

"కింద ఉన్న నీళ్లు ఇంతే మరి. దగ్గరగా మొలిస్తే ఇద్దరూ చస్తారు. అందుకే వేళ్లు చాచినంత మేర ఇంకొకరు రారు. మేమూ అంతే, ఎండలో ఒకరం తిరుగుతాం, చల్లబడ్డాక ఇంకొకరం. సరే గానీ, నువ్వెందుకొచ్చావు నాయనా?" అంది ఉడుము.

మణిధరుడు నోరు తెరిచాడు. అతని నోట్లోంచి ఏం వచ్చిందనుకున్నారు? "మా దేశంలో నూకన్న అనే జాలరి ఒక పాడుమొక్కను సరస్సులో వేశాడు. దాని విరుగుడు కోసం వచ్చాను."

"ఛీ! ఎంత పాపిష్టివాడు! తను తాగే నీళ్లలోనే వేశాడా?" అని ఉడుము ఉమ్మేసింది. "నీలాంటి మంచివాడికి నేను దారి చూపిస్తాను పద." దారిపొడవునా ఎదురైన తేలుకీ, ఎడారినక్కకీ, ఇసుకపాముకీ చెప్పింది, "నూకన్న అనేవాడి పేరెత్తకండి, పాపం తగులుతుంది" అని. ఒక్కొక్క మాటకీ మణిధరుడి ప్రాణం ఇసుకలోకి ఇంకిపోయింది. అయినా అబద్ధం దిద్దుకోకుండానే ముందుకు నడిచాడు.

నడవగా నడవగా మంచునేల వచ్చింది. అక్కడ చెట్టనేది లేదు. నేల లోపల ఎప్పటికీ కరగని మంచు, వేరు దిగనివ్వదు. ఏడాదికి రెండు నెలలు పైమంచు కరుగుతుంది. ఆ రెండు నెలల్లోనే పాచి పచ్చబడాలి, పువ్వు పూయాలి, ఈగలు పుట్టాలి, పక్షులు గుడ్లు పెట్టి పిల్లల్ని లేపాలి. అందుకే అందరూ హడావిడిగా ఉన్నారు. ఒక మడుగు పక్కన తలమీద రెండు నల్లగీతలున్న బాతు ఒకటి మాత్రం ఖాళీగా కూర్చుని ఉంది.

"అమ్మా, ఎందుకలా ఉన్నావు?" అని అడిగాడు మణిధరుడు.

"మేము ఏటా చలికాలం దక్షిణానికి వెళ్తాం బాబూ. ఇక్కడ అంతా గడ్డకట్టాక మాకు తిండి పెట్టేది అక్కడి పాలవెల్లి. మొన్న చలికాలం వెళ్లేసరికి నీళ్లు కనబడలేదు. పచ్చికనుకుని దిగాం. నా పిల్లలిద్దరి కాళ్లు ఆ వేళ్లలో చిక్కుకున్నాయి. ఎంత కొట్టుకున్నా లేవలేకపోయాయి" అంది బాతు. అతన్ని ఎగాదిగా చూసి అడిగింది, "నువ్వే ఊరివాడివి?"

"అక్కడివాణ్ణే. ఆ మొక్క వేసింది నూకన్న అనే..."

బాతు చివాలున తలెత్తింది. "నూకన్నా? మా కాళ్లకు వల చుట్టుకుంటే కొత్త వలనైనా కోసి వదిలేసే నూకన్నా? వాడు చెయ్యడు. ఈ మాట నీకెవరు చెప్పారు?"

పిల్లలూ, అబద్ధానికి కూడా కొన్నాళ్లు దాక్కునే నీడ దొరుకుతుంది. ఆ మంచునేల మీద అతనికి నిలబడేంత నీడ కూడా లేకపోయింది. మణిధరుడు మోకాళ్లమీద కూలబడ్డాడు.

"నేను. నేనే వేశాను. నూకన్నని వెళ్లగొడుతుంటే చూస్తూ కూర్చున్నాను. దారిలో ఇంకోసారి అతని పేరే చెప్పాను" అన్నాడు. అప్పుడు మొదటిసారి ఏడ్చాడు.

బాతు అతన్ని పొడవలేదు, తిట్టలేదు, ఓదార్చనూ లేదు. మడుగు వైపు తిరిగి అంది, "నాతో చెప్పి ఏం లాభం బాబూ? నా పిల్లలు తిరిగి రారు. చెప్పాల్సిన చోట చెప్పు." ఆ తర్వాత రెక్క చాచి దారి చూపించింది. "ఈ కొండలు దాటితే వానల అడవి. దాని నడుమ నది. ఆ మొక్క పుట్టింది అక్కడే."

నడవగా నడవగా వానల అడవి వచ్చింది. రోజూ వాన. చెట్టుమీద చెట్టు, తీగమీద తీగ, ఆకాశం కనిపించదు. దారికి అడ్డంగా ఎర్రచీమల బారు పోతోంది. ఈసారి మణిధరుడు ఎవరూ అడగకముందే చెప్పాడు. "అమ్మలారా, నేనొక పాపం చేసి వచ్చాను" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. చెబుతుంటే చెవులు మండాయి, కానీ చివరిదాకా చెప్పాడు.

ముసలి చీమ ఒకటి ఆగింది. "ఈ అడవిని చూసి నేలలో బంగారం ఉందనుకుంటున్నావు కదూ? తవ్వి చూడు" అంది.

అతను తవ్వాడు. బెత్తెడు లోతుకే నిస్సారమైన ఎర్రమట్టి.

"సిరంతా పైనే ఉంది. ఆకు రాలితే మేమూ, బూజూ, పురుగులూ కలిసి నాలుగు రోజుల్లో దాన్ని మళ్లీ చెట్టుకే చేరుస్తాం. ఇక్కడ పెరిగే ప్రతిదాని వెనకా దాన్ని తినేవాడొకడుంటాడు. నీ మొక్క వెనకా ఉన్నాడు. వాణ్ణి వదిలేసి మొక్కనొక్కదాన్నే తీసుకెళ్లావు. అదే నీ దేశంలో జరిగింది" అంది చీమ. "పద, చూపిస్తాను."

నది ఒడ్డున ఊదాపువ్వు ఉంది. కానీ ఎంతుందో తెలుసా? ఇక్కడొక గుబురు, అక్కడొక గుబురు, అంతే. ఆకులనిండా గీకిన మచ్చలు. ఆ మచ్చల దగ్గర మినపగింజంత ముక్కుపురుగులు, ముక్కు ఆకులో గుచ్చి తింటున్నాయి. వాటిని చూసి మణిధరుడికి ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో నవ్వు వినిపించింది. పొగలాంటి జుట్టు ముసలివాడు! మొక్కల్ని వేడినీళ్లలో ముంచి ముంచి కడుగుతున్నాడు. వాడు ధూమకేశుడనే మాంత్రికుడు. ఇప్పుడు కొండంత పొడుగైపోయి ఉన్నాడు.

"మణిధరా! ఇంకో పిలక కావాలా?" అన్నాడు.

"ఈ పురుగులు కావాలి."

"ఆహా! నా ప్రాణం ఎక్కడుందో కనిపెట్టావన్నమాట."

మీరంతా చిలకలో ఉందనుకుంటున్నారు కదూ? కాదు. చిలకైతే పట్టుకుని మెడ నులమొచ్చు. వాడి ప్రాణం ఆ మొక్కలో ఉంది. ఒక సరస్సు నిండితే వాడికి వందేళ్ల ఆయుష్షు.

"ఏడు దేశాల్లో ఏడు సరస్సులు నిండాయి. ఏడుగురు గొప్పవాళ్లు రహస్యంగా వేశారు. ఒక్కడూ నోరు విప్పలేదు. విప్పితే పరువు పోతుంది మరి! ఈ పురుగుని ముట్టుకున్నావో, నేనే మీ నాన్న సభకొచ్చి నీ పేరు చెబుతాను" అన్నాడు మాంత్రికుడు.

ఒకప్పటి మణిధరుడైతే అక్కడే వెనక్కి తిరిగేవాడు. ఇప్పుడతనికి ఒక ఉపాయం తోచింది. వణుకుతున్నట్టు నటించాడు. నటించడం పెద్ద కష్టం కాలేదు, ఎందుకంటే సగం నిజంగానే వణుకుతున్నాడు.

"అయ్యా, అంత పని చెయ్యకు! పందెం వేసుకుందాం. ఈ పురుగుల్ని పెట్టెలో పెట్టి ఇవ్వు. పెట్టెకు నీ మంత్రం వెయ్యి. నిండుసభలో, నూకన్న ఎదురుగా, నా నోటితో నేనే నిజం చెబితేనే పెట్టె తెరుచుకోవాలి. చెప్పలేకపోతే బతికినంతకాలం నీకు దాసుణ్ణై నీ మొక్కలు మోస్తాను. ఏం, నేను చెప్పేస్తానని భయమా?" అన్నాడు.

ధూమకేశుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "భయమా? నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. తీసుకో. లోపల నలభై రోజులకు సరిపడా ఆకుంది. ఆ తర్వాత పురుగులు చస్తాయి, నువ్వు నావాడివవుతావు." వాడికి మంత్రాలన్నీ వచ్చు. సిగ్గుపడుతూ కూడా మనిషి నిజం చెప్పగలడన్న సంగతే తెలియదు.

మణిధరుడు పెట్టె పట్టుకుని పరుగులాంటి నడకతో వెనుదిరిగాడు. మంచునేల దాటాడు. ఎడారికి వచ్చాడు. దూరంనుంచి ఉడుము అతన్ని చూసి, "నాయనా! మంచివాడా!" అని పిలిచింది. మణిధరుడు తలమీద గుడ్డ కప్పుకుని, ఇసుకదిబ్బ అవతలివైపుగా చుట్టుతిరిగి, వినపడనట్టు వెళ్లిపోయాడు. అవును, అలాగే చేశాడు. ఎందుకు చేశాడని అడక్కండి, మీరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు.

ముప్పయ్యేడో రోజున మీనగిరి చేరాడు. ఉప్పునేలలో నూకన్న గుడిసెకి వెళ్లి, "నూకన్నా, సభకు రా. నీతో పనుంది" అన్నాడు. నూకన్న చిక్కి సగమయ్యాడు. ఉప్పుకి పాదాలు పగిలి ఉన్నాయి. "వస్తాను బాబూ" అన్నాడు. నీలాలు తండ్రి వెంట నడిచింది.

మొదటి రోజు సభలో రాజు కొడుకును కౌగలించుకుని, "చూశారా నా కొడుకు!" అన్నాడు. ఆ మాట విని మణిధరుడు పెట్టెను ఉత్తరీయం కింద దాచుకున్నాడు. సభ ముగిసింది.

రెండో రోజు అన్నలిద్దరూ పూలదండలు వేశారు. మణిధరుడు లేచి నిలబడ్డాడు. "నేను..." అన్నాడు. వెయ్యి కళ్లు అతని వైపు తిరిగాయి. "నేను అలిసిపోయాను" అని కూర్చుండిపోయాడు. పెట్టెలో గరగర తగ్గింది.

మూడో రోజు చెవి ఆన్చి వింటే పెట్టెలో చప్పుడు దాదాపు లేదు. రాజు యువరాజ కిరీటం తెప్పించాడు. "నీ తమ్ముడి కష్టానికి ఇది చిన్నది" అని పెద్దన్నతో అంటూ దాన్ని ఎత్తి మణిధరుడి తలమీద పెట్టబోయాడు.

"వద్దు నాన్నా!" అని మణిధరుడు రెండు చేతులతో తల కప్పుకున్నాడు. "మొక్కని సరస్సులో వేసింది నేను. నూకన్న కాదు. పొగడ్త కోసం వేశాను. నూకన్న నన్ను సాక్ష్యం అడిగితే తల వంచుకున్నాను."

ఆ కిరీటం రాజు చేతుల్లోనే ఉండిపోయింది. మణిధరుడి ముఖం కుంకుమలా ఎర్రబడింది. కాళ్లకింద నేల చీలి తనని మింగేస్తే బాగుండుననుకున్నాడు. నేల చీలలేదు. అందరూ చూస్తుండగా అక్కడే నిలబడాల్సి వచ్చింది. అప్పుడు టక్కున చప్పుడై పెట్టె మూత తెరుచుకుంది. అడుగున చివరి ఆకు ముక్కమీద ముప్పై పురుగులు మిగిలి ఉన్నాయి.

రాజు సింహాసనం దిగి నూకన్న దగ్గరికి వెళ్లాడు. నూకన్న పగిలిన పాదాలు చూసి, తన పాదరక్షలు విప్పి అతని ముందు పెట్టాడు. కొడుకు వైపు మాత్రం చూడలేదు. "ఇతను ఈ రోజు నుంచి రాకుమారుడు కాదు. సరస్సు మళ్లీ సరస్సయ్యేదాకా జాలరిపేటలో కూలివాడు" అన్నాడు.

మణిధరుడు నూకన్న కాళ్లమీద పడబోతే నూకన్న పక్కకు జరిగాడు. "వద్దు బాబూ. నాకింకా కోపం పోలేదు. కోపంగా ఉన్నవాడి కాళ్లు పట్టుకోకూడదు. పనిలోకి రా."

పురుగుల్ని నీళ్లలో వదలబోతుంటే నీలాలు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి. మొక్క అయిపోయాక ఇవేం తింటాయి? మా వరి తింటాయా? తామర తింటాయా? ఒకసారి అడక్కుండా వేసిన పువ్వు చాలదా?"

మణిధరుడు సిగ్గుపడి ఆగిపోయాడు. సరస్సులో ఒక మూలకు చుట్టూ తడికెలు కట్టారు. అందులో వరి పెట్టారు, తామర పెట్టారు, తుంగ పెట్టారు, ఊదామొక్క పెట్టారు. ఒక పంటకాలం కనిపెట్టి చూశారు. పురుగులు ఊదామొక్కను తప్ప దేన్నీ ముట్టలేదు. అది అయిపోతే పస్తులున్నాయి తప్ప వరి వైపు పోలేదు. అప్పుడే తడికె తీశారు.

మొదటి ఏడాది ఆకులకు మచ్చలు పడ్డాయి. రెండో ఏడు ఒక మూల నీళ్లు మెరిశాయి. మూడో ఏడు పడవలు కదిలాయి. మూడేళ్లూ మణిధరుడు మోకాలి లోతు బురదలో కుళ్లిన మొక్కలు మోశాడు. జాలరి ఆడవాళ్లు మొదట అతనికి గంజి కూడా దూరంనుంచి పెట్టేవారు. అతను తలవంచుకుని తాగేవాడు. మిగిలిన ఆరు దేశాలకు పురుగుల్ని పంపాడు. ఊరికే పంపలేదు, "ఇది నేను చేసిన తప్పు, మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి" అని కబురు కూడా పంపాడు. ఒక మంత్రి ఒప్పుకున్నాడు. ఒక రాణి ఒప్పుకుంది. ఒక్కొక్క సరస్సూ తేటపడుతుంటే ధూమకేశుడు కొండంత నుంచి తాటిచెట్టంత, తాటిచెట్టంత నుంచి జానెడు, జానెడు నుంచి బొటనవేలంత అయ్యాడు. చివరికి వాడి నదిలోని వాలుగచేపే వాణ్ణి పురుగనుకుని మింగేసింది.

పాలవెల్లిలో నీళ్లు పూర్తిగా తేటపడిన చలికాలం, ఉత్తరం నుంచి బాతులు దిగాయి. తలమీద రెండు నల్లగీతలున్న తల్లిబాతు కొత్త పిల్లలతో వచ్చింది. అది మణిధరుడి ముందునుంచే ఈదుకుంటూ పోయింది. అతన్ని గుర్తుపట్టింది, కానీ ఆగలేదు. నేరుగా నూకన్న పడవ పక్కకు చేరింది. మణిధరుడు దాన్ని పిలవలేదు. పిలిచే హక్కు తనకు లేదని అతనికి తెలుసు.

అది చూసిన నీలాలు ఆ సాయంత్రం అడిగింది, "మీరు ఎవరికైనా ఇంకా చెప్పాల్సింది మిగిలిందా?"

"ఒకరికి" అన్నాడు మణిధరుడు. మర్నాడే ఎడారికి బయల్దేరాడు. ఉడుముకి నిజం చెప్పాడు. ఉడుము తోక నేలకేసి కొట్టింది. "నా నోటితో ఎంతమందికి చెప్పించావయ్యా!" అంది. ఇద్దరూ కలిసి తేలు దగ్గరికి వెళ్లారు, ఎడారినక్క దగ్గరికి వెళ్లారు, ఇసుకపాము దగ్గరికి వెళ్లారు. ప్రతి బొరియ ముందూ మణిధరుడు వంగి, "నూకన్న మంచివాడు, పాపిష్టివాణ్ణి నేను" అని చెప్పాడు. అలా చెప్పడానికి నెల రోజులు పట్టింది.

తిరిగొచ్చాక నూకన్న అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, తన కంచంలోంచి చేపముక్క తీసి అతని కంచంలో వేశాడు. మూడేళ్లుగా అతని పని చూసిన నీలాలు పెళ్లికి సరేనంది. మరుసటి నెల ఆమెకీ మణిధరుడికీ పడవలమీద పందిరి వేసి పెళ్లి చేశారు. రాజు వచ్చి అక్షింతలు వేశాడు. ముసలి రాజు తర్వాత భానుధరుడు సింహాసనం ఎక్కి చాలాకాలం చల్లగా ఏలాడు. నీళ్లూ, అడవీ, మేతబీళ్లూ మాత్రం తమ్ముడికి అప్పగించాడు. మణిధరుడూ నీలాలూ కలిసి వాటిని నలభై ఏళ్లు చూసుకున్నారు.

ఆ నలభై ఏళ్లలో ఏ ఓడవాడు ఏ దేశం నుంచి ఏ ముద్దొచ్చే మొక్క తెచ్చినా, ఏ రంగుల చేప తెచ్చినా, ముందు మణిధరుడి అరుగుమీద కూర్చోవాలి. ఆయన తన కథంతా చెప్పాలి, వాళ్లు వినాలి. జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి, అయినా చెప్పిన ప్రతిసారీ ఆయన చెవులు కొత్తగా ఎర్రబడేవి. ఎప్పుడైనా చుట్టాలు ఎక్కువమంది ఉంటే, చెబుతూ చెబుతూ ఎడారి ముక్క దగ్గర కాస్త తొందరపడేవాడు.

అప్పుడు లోపల్నుంచి నీలాలు గొంతు వినిపించేది. "ఉడుముతో చెప్పిన అబద్ధం వదిలేశారు. దిబ్బ చాటున తప్పించుకుపోయింది కూడా వదిలేశారు. అవీ చెప్పండి."

ఆయన తల గోక్కుని, నేల చూసి, "అవును, అదీ ఉంది" అని మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు.

కథ ఒడ్డుకు చేరింది. ఇక మీరు చేతులు కడుక్కుని అన్నాలకు లేవండి.